పసుపు రంగు బోరింగ్

ఊరి పేరు రాయను. రాయొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. "పేరు పేపర్ల పడితే మా పోరలకు పిల్లనెవలిస్తరు బిడ్డా?" అని ఆ ఊరి లస్మవ్వ అడిగింది. కాబట్టి కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డికి అవతల, పోచారం ప్రాజెక్టుకు ఇవతల ఒక ఊరు అనుకోండి.

నా ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పాలి, ఎందుకంటే అది మా అమ్మకే ఇప్పటికీ అర్థం కాలేదు. ఊళ్లలో పదిమంది కలిసి ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఆ మాటల్ని ఒక దారిలో నడిపించడం నా పని. నా సంచిలో నాలుగు అట్టముక్కలుంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో ప్రశ్న. ఏం చూశారు? ఏమనిపించింది? దాని అర్థం ఏమిటి? ఇప్పుడేం చేద్దాం? ఈ వరుసలోనే అడగాలి. జవాబు నేను చెప్పకూడదు.

"అంటే జవాబు తెలిసినా చెప్పకుండా కూర్చున్నందుకు జీతమిస్తారా?" అంది అమ్మ.

ఇస్తారు. ఎక్కువేం కాదు.

ఈసారి మాట్లాడాల్సింది తాగే నీళ్ల గురించి. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు గంగామణి మా ఆఫీసుకు ఫోన్ చేసి, ఊళ్లో బోరింగ్ నీళ్ల మీద తగువుందని, వచ్చి మాట్లాడించమని అడిగింది. బోరింగ్ అంటే మా వైపు చేతిపంపు. మాది రేపల్లె దగ్గర పల్లె. కాలవ నీళ్లలో పటిక తిప్పి తాగి పెరిగినవాణ్ణి. నీళ్లంటే మట్టి రంగులో ఉంటాయని పదేళ్లు వచ్చేదాకా నమ్మాను. ఇంతకన్నా అర్హత నాకేమీ లేదు.

కామారెడ్డి: చాయ్‌కి ముందు

సికింద్రాబాదులో రైలెక్కి కామారెడ్డిలో దిగేసరికి పదకొండు. స్టేషను బయట హోటల్లో ఒక టీ అడిగాను. గల్లాపెట్టె దగ్గరున్న పెద్దమనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఆంధ్రానా?"

"ఎలా తెలిసింది?"

"నీళ్లు తాగకుండ చాయ్ అడిగినవ్ గద."

ఇక్కడ ముందు నీళ్లు, తర్వాత చాయ్. మా వైపు టీ తాగి, నోరు కాలి, అప్పుడు నీళ్లడుగుతాం. ఆయన జగ్గు నా ముందుకు తోశాడు. అలవాటు కొద్దీ ఏ నీళ్లని అడిగాను.

"ఫిల్టర్ నీళ్లే. భయపడకు. నేను గూడ గవ్వే తాగుత," అన్నాడు. చాయ్ పది రూపాయలు. మిర్చి బజ్జీ ప్లేటు ముప్ఫై. బజ్జీ తిన్న తర్వాత ఏ నీళ్లన్నది ఎవరికీ పట్టదు. నేను కూడా జగ్గు ఖాళీ చేశాను.

డబ్బులిచ్చే ముగ్గురు

ఎల్లారెడ్డి బస్సులో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. బస్సు నిండా ఆడవాళ్లే. మగవాళ్లం ముగ్గురం, ముగ్గురమూ నిలబడే ఉన్నాం. కండక్టరమ్మ మా వైపు చూసి, "పైసలిచ్చేటోళ్లు ముగ్గురే ఉన్నరు, గా చిల్లరన్న సరిగియ్యుండ్రి," అంది. ఇచ్చాం. బస్సుని మేమే పోషిస్తున్నామన్న గర్వంతో లింగంపేట దాకా కంబీ పట్టుకుని వేలాడాను.

కిటికీ పక్కన కొత్త ప్లాస్టిక్ బిందెలు ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ, మూడో బిందెను నాకిచ్చి పట్టుకోమంది. బిందె పట్టుకున్న మనిషికి దాపరికం ఉండదు. పెళ్లయిందా, ఎందుకు కాలేదు, ఏం పని, ఎంతొస్తది, అన్నీ చెప్పాను. నీళ్ల మీద ఊరివాళ్లతో మాట్లాడించే పని అనగానే బస్సులో సగం మంది ఇటు తిరిగారు.

"నల్లా నీళ్లు బంద్ జేసి బోర్లెయ్యాలె."

"బోర్లెందుకు? ఫిల్టర్ పెట్టాలె."

"ఫిల్టర్ పెడితే మోకాళ్లు నొస్తయంట."

"నువ్వు ఫిల్టర్ తాగకముందు నుంచే నొస్తున్నయ్ గదనే నీకు!"

నేనింకా ఏమీ అడగలేదు. ఏం చేద్దామన్నది నా వరుసలో నాలుగో ప్రశ్న. బస్సంతా మొదటి మూడూ దాటేసి నేరుగా అక్కడ దిగింది. దీన్ని చదువుకునేటప్పుడు ఒక సమస్యగా చెప్పారు. బస్సులో చూస్తే అదే అందరికీ సహజంగా వచ్చిన పద్ధతిలా ఉంది.

ఎల్లారెడ్డి: రొట్టె, పచ్చిపులుసు, గంగామణి

లాడ్జిలో సంచి పడేసి వస్తే, బస్టాండు ఎదుట మెస్సులో గంగామణి నా కోసం చూస్తోంది. ఏదో మీటింగుకని ఎల్లారెడ్డి వచ్చిందట. ముప్ఫై అయిదేళ్లుంటాయి. భుజాన పెద్ద సంచి, మాట్లాడితే ఆగదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు తెప్పించింది. పచ్చిపులుసు మా ఇళ్లలోనూ ఉంది గాని అక్కడ అది కూర చాలనప్పుడు వచ్చే చుట్టం. ఇక్కడ ఇంటి మనిషి. నేను మూడోసారి పోయించుకుంటుంటే ఆవిడ విషయం చెప్పింది.

బోరింగ్ అంగన్‌వాడీ ముందే ఉంది. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని పరీక్షలో తేలింది. కాగితం వచ్చింది, కాగితాన్ని ఊళ్లో ఎవరూ నమ్మలేదు. తర్వాత వీధుల్లోకి నల్లాలు, అంటే మా కుళాయిలే, వచ్చాయి. నల్లా పైపు మాత్రం అంగన్‌వాడీకి రెండిళ్ల అవతల ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ తెలీదు. పైపుకి కూడా తెలిసి ఉండదు.

"పక్కిండ్ల నల్లా వాళ్లకే సాలది, మూడేండ్ల సంది నేనే నల్లా నీళ్ల ట్యాంకు కాడికి పోయి రోజుకు రెండు బిందెలు మోస్తున్న సార్. ఇరువై మంది పిల్లలు. వాళ్లకు వండాలె, తాపాలె. ముంగటనే బోరింగ్ పెట్టుకోని ఊరవతలికి పోతదేంది, దీని నకరాలు కాకపోతే అంటరు. ఎల్లుండి కాదు ఆవులెల్లుండి గ్రామసభ ఉన్నది. పైపు గా రెండిండ్లు దాటిచ్చుమని ఊరు ఒప్పుకుంటే సాలు. నేను జెప్తే ఇనరు. మీరు జెప్తే ఇంటరు."

"నేను చెప్పకూడదండీ. అడగడమే నా పని."

ఆవిడ రొట్టె తుంచడం ఆపి నా వంక చూసింది. మా అమ్మ చూపు ఎల్లారెడ్డిలో కూడా దొరుకుతుందని అనుకోలేదు.

బోరింగ్ దగ్గర

మర్నాడు షేర్ ఆటోలో ఊరు చేరాం. డ్రైవరుకి అటూ ఇటూ ఇద్దరు, వెనక తొమ్మిదిమంది. బోరింగ్ చుట్టూ సిమెంటు గద్దె, దాని మీద నల్లరాతి పలక, పలక మీద కీర్తిశేషులైన ఒక పెద్దాయన పేరు. పంపుకి పసుపు కుంకుమ బొట్లు.

అక్కడే బర్రెను కడుగుతూ నడిపి సాయిలు కనిపించాడు. పలక మీద పేరు వాళ్ల నాన్నది. ఈ వైపు సాయిలు అనే పేరు ఎంత పెడతారంటే, ఆ ఇంట్లోనే ముగ్గురు అన్నదమ్ములూ సాయిలు: పెద్ద సాయిలు, నడిపి సాయిలు, చిన్న సాయిలు. మొక్కు గట్టిదో, పేర్లు వెతికే ఓపిక లేదో అడగలేదు. నడిపి సాయిలు ముంబై దగ్గర భివండిలో మగ్గాల మీద పదేళ్లకు పైగా పనిచేసి, తిరిగొచ్చినప్పుడు కూడబెట్టిందాంట్లోంచి ఈ బోరింగ్ వేయించాడు. అప్పటికి ఊళ్లో నల్లాలు లేవు.

చెంబు కడిగి, నిండా కొట్టి, నా చేతికిచ్చాడు. "తాగుండ్రి సారూ. సక్కెరేసినట్టుంటయ్. ఎంత ఎండకాలమైన ఇది ఆగలే."

గంగామణి ఆకాశం వైపు చూసింది. చేతికిచ్చిన నీళ్లు వద్దనడం ఇక్కడ తిట్టు కిందే లెక్క, మా దగ్గరా అంతే. తాగాను. నిజం చెప్పాలి: చాలా బాగున్నాయి. చల్లగా, తియ్యగా. ఫ్లోరైడుకి రుచీ వాసనా ఉండవు. అదే దాని తెలివి. నల్లా నీళ్లు శుభ్రమైనవే, కాని బ్లీచింగ్ వాసన కొడతాయి. మంచివాళ్ల మాట కటువుగా ఉంటుందంటారు కదా, ఆ బాపతు.

మొదటి సాయంత్రం: పసుపు గెలిచింది

పంచాయతీ ఆఫీసు అరుగు మీద సాయంత్రం అయిదింటికి అన్నాం. ఆరింటికి మొదలైంది. కల్లు దుకాణం మీదుగా వచ్చేవాళ్లకు అది త్వరగా వచ్చినట్టే. పాతికమంది దాకా మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. ఆ లెక్క చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పరీక్ష కళ్లముందే చేద్దామనుకున్నాను. రెండు గాజు గొట్టాలు. ఒకదాంట్లో బోరింగ్ నీళ్లు, ఒకదాంట్లో నల్లా నీళ్లు. సీసాలోని ద్రావణం చుక్కలు వేశాను. నల్లా నీళ్లు ఎర్ర గులాబీ రంగుకి తిరిగాయి. బోరింగ్ నీళ్లు పసుపుపచ్చగా మారాయి. ఏ రంగుకి ఏమి అర్థమో చెప్పే చార్టు నా జేబులో ఉంది. ముందు చూడాలి, అర్థం తర్వాత. పద్ధతి అది. జేబులోనే ఉంచాను.

"ఏం చూశారు?" మొదటి అట్టముక్క ఎత్తాను.

"బోరింగ్ నీళ్లు పసుపైనయ్. నల్లా నీళ్లు ఎర్రగైనయ్."

అద్భుతమైన జవాబు. నాకు పాఠం చెప్పినవాళ్లు వింటే మురిసిపోయేవాళ్లు.

"ఏమనిపించింది?"

"పసుపును జూస్తే మనసు సల్లబడ్డది," అన్నాడు నడిపి సాయిలు. వెనకనుంచి ఎవరో, "నల్లా నీళ్లు జూస్తే భయమైతంది. నెత్తురు లెక్కున్నయ్!" అన్నారు.

ఇక్కడ నాకు చెమటలు మొదలయ్యాయి. కాని వరుస తప్పకూడదు. "దాని అర్థం ఏమిటి?"

"అర్థమేముంది సారూ? పసుపంటె శుభం. ఎరుపంటె డేంజర్. ఎర్రది జూస్తె రైలు గూడ ఆగుతది."

నాలుగో ప్రశ్న నేను అడగనేలేదు. వాళ్లే అందుకున్నారు. "తాగేటియి బోరింగ్ నీళ్లే. అంగన్‌వాడీల గూడ గవ్వే వండాలె. గ్రామసభల రాసుకుందాం. టీచరమ్మ ఇగ బిందెలు మోసుడు బంద్ జెయ్యాలె!"

చప్పట్లు. నేను చార్టు బయటికి తీసి, అయ్యా, ఈ పరీక్షలో పసుపొస్తే ఫ్లోరైడు ఎక్కువని, గులాబీ రంగొస్తే మంచిదని చెప్పాను. నడిపి సాయిలు చార్టు తీసుకుని, దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి పట్టుకుని చూశాడు.

"ఒక్కటి అడుగుత సారూ. ఖరాబు బోరింగ్‌లకు సర్కారోళ్లు ఏం రంగేస్తరు?"

"ఎరుపు."

"మరి బయట ఎరుపు ఖరాబైతే, మీ గొట్టంల ఎరుపు మంచిదెట్లయితది?"

మా అమ్మా గడపకు పసుపే రాస్తుంది, మా నాన్నా ఎర్ర లైటు దగ్గరే బండి ఆపుతాడు. ఆ కిట్టు తయారుచేసినవాళ్ల ఇంటికి గడప లేదేమో.

"ప్రింటు తప్పు పడ్డది, ఏం గాదు," అని సాయిలు చార్టు మడిచి, ఎంతో మర్యాదగా నా జేబులో పెట్టాడు. "నిరుడు మా పాసుబుక్కుల గూడ గట్లనే పడ్డది."

అందరూ లేచి వెళ్లాక గంగామణి కుర్చీలు సర్దుతోంది. సాయం వెళ్లాను.

"మీరు రాకముందు ఇద్దరో ముగ్గురో అనేటోళ్లు సార్, మొయ్యకు అని," అంది. "ఇప్పుడు ఊరంత కలిసి అన్నది. మస్తు మంచి పని చేసిన్రు."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. ఎల్లుండి గ్రామసభలో ఇది రాతలోకి ఎక్కితే, ఆ ఇరవైమంది పిల్లలకు బోరింగ్ నీళ్లే. అప్పుడు ఆవిడ బిందెలు మోస్తే ఊరిమాట కాదన్నట్టు.

పోచారం: చేపలకు అలవాటే

మర్నాడు చేయడానికి ఏమీ లేక పోచారం వెళ్లాను. నిజాం కాలపు ప్రాజెక్టు, నిండుగా ఉంది. పక్కనే అభయారణ్యం. నేను చూసిన వన్యప్రాణి ఒక కుక్క. అది నా బిస్కెట్లు చూసింది.

కట్ట దగ్గర ఒకావిడ చేపలు వేయిస్తోంది. ప్లేటు నూట ఇరవై. చేపను ప్రాజెక్టు నీళ్లలో కడిగి, తాను మాత్రం సీసా నీళ్లు తాగింది. ఎందుకని అడిగాను.

"చేపలకు అలవాటే. నాకు లేదు."

ఇంత సూటిగా మాట్లాడే మనిషి దొరికేసరికి నిన్నటి కథంతా చెప్పేశాను. ఆవిడ చేప తిరగేస్తూ వింది.

"మీటింగెప్పుడు పెట్టినవ్?"

"సాయంత్రం అయిదింటికి."

"గప్పుడు ఆడోళ్లు ఏడుంటరు? చేన్ల నుంచి రావట్టె, పొయ్యంటియ్యవట్టె. నీళ్లు మోసేటోళ్లను ఇడిసి, తాగేటోళ్లను అడిగినవ్ నువ్వు." చేప నా ప్లేటులో వేసింది. "ముల్లు సూస్కోని తిను."

ముల్లు చూసుకోలేదు. గొంతులో ఇరుక్కుంది. ఆవిడే ముద్ద అన్నం పెట్టి మింగమంది, ఆ సీసా నీళ్లే ఇచ్చింది. అన్నానికి డబ్బు తీసుకోలేదు. అక్కడినుంచే గంగామణికి ఫోన్ చేసి, ఊళ్లో ఆడవాళ్లందరూ ఒకచోట దొరికే వేళ ఏదని అడిగాను. "పొద్దుగాల ఎనిమిదింటికి. అంగన్‌వాడీ కాడ. పిల్లలను ఇడిసి కూలీ ఆటో కోసం ఆగుతరు. అరగంట సార్, గంతే," అంది.

అంగన్‌వాడీ గుమ్మంలో అరగంట

నాలుగో రోజు పొద్దున్న. మొక్కజొన్న కంకులు విరవడానికి వెళ్లేవాళ్లు పదిహేనుమంది, తలకు తువ్వాళ్లు, చేతుల్లో అన్నం డబ్బాలు. గాజు గొట్టాలు సంచిలోంచి తియ్యలేదు. నాలుగు అట్టముక్కల్నీ మెట్ల మీద పరిచి రాళ్లు పెట్టాను.

"పొద్దుగాల్నే ఏం పంచాయితి బిడ్డా?" అంది లస్మవ్వ. ఊళ్లో అందరికన్నా పెద్దది, అందరికన్నా ముందు పనికి తయారయ్యేది.

"మొన్న నేను అడిగిన తీరు తప్పు అవ్వా. మళ్లీ అడుగుతాను. ఈ నీళ్ల వల్ల మీ ఇళ్లలో ఏం చూశారు?"

ఒక్కొక్కరే మొదలుపెట్టారు. బోరింగ్ నీళ్లతో బిందెకు తెల్లగ పేరుతది. నల్లా నీళ్లు వాసనొస్తయ్. నల్లా రోజిడిసి రోజొస్తది. బోరింగ్ నీళ్లకు పప్పు జల్ది ఉడకది. అన్నీ నిజాలే, రెండు వైపులవీ. అప్పటిదాకా మాట్లాడని ఒకావిడ నెమ్మదిగా, "పండ్లు," అంది, వేలితో పన్ను చూపిస్తూ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ పద్మ, నడిపి సాయిలు భార్య.

"నా బిడ్డ భివండిల పుట్టింది. ఎనిమిదేండ్లు ఆడనే పెరిగింది. దాని పండ్లు బియ్యపు గింజల లెక్కుంటయ్. కొడుకు ఈడికొచ్చినంక పుట్టిండు. నాలుగో తరగతి. వాడు ఫోటోల నవ్వడు."

లస్మవ్వ పక్కనున్న బడి గోడ మీదుగా, "ఒరే, ఇటు రండ్రి! నోర్లు తెరువుండ్రి!" అని కేకేసింది. సూదిమందు కాదని తేలాక పిల్లలు వరసగా వచ్చి, పోటీ పడి నోళ్లు తెరిచారు. నేనేమీ అడగక్కర్లేకపోయింది. వాళ్లే వేరుచేస్తున్నారు. వీడు ముంబైల పెరిగిండు, సూడు తెల్లగున్నయ్. గీ పిల్ల ఈడనే పుట్టింది, సూడు పసుపు గీతలు. గీడు నిరుడే వచ్చిండు, మంచిగున్నయ్. పనుల కోసం ఊళ్లు పట్టిపోయిన కుటుంబాలు, పోని కుటుంబాలు. పదేళ్ల వలస లెక్క పిల్లల నోళ్లలో ఉంది. పద్మ కొడుకు వరసలో ఉన్నాడు గాని నోరు తెరవలేదు. వాణ్ణెవరూ తెరవమనలేదు.

"మొన్న గొట్టంల వచ్చిన పసుపు గిదే గదనే," అందొకావిడ.

రసాయనశాస్త్రం ప్రకారం ఇది పూర్తిగా తప్పు. ఆ రంగు వేరు, ఈ రంగు వేరు. ఆ మాట చెప్పాను కూడా. ఎవరూ వినలేదు. గట్టిగా పట్టుపట్టేంత నిజాయితీ నాకూ లేకపోయింది.

ఇంత గంభీరమైన సమయంలో ఒక మేక వచ్చి, రాయిని మూతితో తోసి, మూడో అట్టముక్క తినేసింది. 'దాని అర్థం ఏమిటి?' అన్నది. సగం నేను లాక్కున్నాను. మిగిలిన సగం మీద ప్రశ్నార్థకం మాత్రమే ఉంది. ఆడవాళ్లు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. పద్మ కూడా నవ్వింది. తుడుచుకోవడం మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టింది.

"పైసా పైసా ఏసి ఏయిచ్చినం గా బోరింగ్," అంది. "మంచిగుంటయని మేమే పోసినం వానికి."

గేటు దగ్గర మోపెడ్ ఆగి ఉంది. పద్మ మర్చిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చినట్టున్నాడు నడిపి సాయిలు. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలీదు. డబ్బా చేతిలోనే ఉంది.

"కాగబెట్టి తాగితె పోదా సారూ?"

జవాబులు చెప్పకూడదన్నది నా ఉద్యోగంలో మొదటి నియమం. చెప్పాను. "పోదన్నా. కాగబెడితే నీళ్లు తగ్గుతాయి, అది తగ్గదు."

"వడగడితె?"

"బట్టకు ఆగదు."

"వాని పండ్లు?"

"పడిన మచ్చ దానంతటది పోదు. డాక్టరు పైపైన సరిచేయగలరేమో చూపించాలి." ఆగి, లోపలికి చూపించాను. చాప మీద ఇరవైమంది గ్లాసులు మోగిస్తూ గంగామణిని వేపుకు తింటున్నారు. "వీళ్లకు ఇంకా పెద్ద పళ్లు రాలేదన్నా."

ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు కూలీ ఆటో వచ్చి హారన్ కొట్టింది, అందరూ పరిగెత్తారు. నాలుగో ప్రశ్న అడగడానికి మనుషులు లేరు. పద్మ అన్నం డబ్బా ఆయన చేతిలోనే ఉండిపోతే, ఆటో వెనక మోపెడ్ మీద వెంటపడి ఇచ్చొచ్చాడు.

గ్రామసభ: రంగు మీద గంట

ఆ సాయంత్రం సభను గంగామణి పట్టుబట్టి ఏడింటికి జరిపించింది. ఆడవాళ్లు వంటలు ముగించుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పంచాయతీ కార్యదర్శి పుస్తకం తెరవగానే నడిపి సాయిలు లేచాడు.

"రాసుకోండ్రి సార్. మా నాయిన బోరింగ్ నీళ్లు ఇగ తాగేదానికి గాదు. బర్రెలకు, బట్టలకు. అంగన్‌వాడీకి నల్లా పైపు గుంజాలె. పైపు వచ్చేదాంక ఇంటికొకరు వంతులేసుకోని ట్యాంకు నీళ్లు తెచ్చియ్యాలె. మొదటి వంతు మాదే."

"మొన్ననే గద పసుపు శుభమంటివి?" అని ఎవరో అడిగారు.

"మొన్న గొట్టం జూసి అన్న. ఇయ్యాల కొడుకును జూసి అంటున్న."

అయిదు నిమిషాల్లో ఒప్పుకున్నారు. గంగామణి కొంగుతో ముఖం తుడుచుకుని కార్యదర్శి రాస్తున్న పుస్తకంలోకి తొంగిచూసింది, రాశాడో లేదో అని. ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాని బోరింగ్‌కి రంగు వేయాలని, అది ఎరుపు రంగని కార్యదర్శి అన్నాడు. దాని మీద గంట గొడవ. గొట్టంలో ఎరుపొస్తే మంచిదని సారే చెప్పిండు గదా, మరి ఎర్ర బోరింగ్ చూస్తే మంచిదనుకోరా? పాతికమంది ఒకేసారి నా వైపు చూశారు. నేను బూట్లు చూసుకున్నాను.

చివరికి సాయిలే తేల్చాడు. "పసుపు ఎయ్యుండ్రి. పసుపంటె ఏందో ఇప్పుడు ఈ ఊళ్లె అందరికెర్కే."

"మరి రాయి మీద మీ నాయిన పేరు?" అంది లస్మవ్వ.

"పేరెటువోతది? అట్లనే ఉంటది. బర్రెలంటె మా నాయినకు మస్తు పానముండె."

తిరుగు దారి

మర్నాడు పొద్దున్న ఎల్లారెడ్డి వైపు పోయే బస్సు కోసం నిలబడ్డాను. బోరింగ్‌కి సగందాకా పసుపు రంగు పడింది. మిగతా సగానికి డబ్బా చాల్లేదట. నల్లరాతి పలక మాత్రం కడిగి తుడిచి ఉంది.

ట్యాంకు వైపునుంచి మోపెడ్ వచ్చి అంగన్‌వాడీ ముందాగింది. అటూ ఇటూ కట్టిన రెండు ఇరవై లీటర్ల డబ్బాలు, మధ్యలో నడిపి సాయిలు. నన్ను చూసి ఇంజన్ ఆపాడు.

"ఏం చూసినవ్ తమ్మి?"

నిన్నటిదాకా సారుని. "రెండు డబ్బాలు," అన్నాను.

"ఏమనిపిచ్చింది?"

"బరువుగా ఉంటాయనిపించింది."

"దాని అర్థమేంది?"

"అది మేక తినేసిందన్నా."

తాడు విప్పుతూ నవ్వాడు. "మరి ఇప్పుడేం జేద్దాం?"

ఇన్ని ఊళ్లు తిరిగాను, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. రోడ్డు చివర బస్సు కనిపిస్తోంది. నేను బస్సునీ డబ్బానీ మార్చి మార్చి చూశాను.

"బస్సు మల్ల వస్తది," అన్నాడు. "ఓ డబ్బా పట్టు, లోపల పెడుదాం."

పట్టుకున్నాను. రెండో మెట్టు మీద కాలు జారి, కాసిని నీళ్లు నా బూట్లలోకి పోయాయి. లోపల్నుంచి గంగామణి అరిచింది:

"జెర సూస్కోని సార్! అవి తాగే నీళ్లు."